పరువు నష్టం నోటీసుకు తట్టుకునేలా సైన్స్ వార్త రాయడం ఎలా

గోదావరి జిల్లాల్లో సైన్స్ వార్త అంటే చంద్రయానో, నోబెల్ బహుమతో కాదు. ఆకివీడులో రొయ్యల చెరువుకు తెల్ల మచ్చ రోగం తగ్గిస్తామంటూ అమ్మే మందు. కోనసీమలో కొబ్బరి తెల్లదోమ ఒక్క పిచికారీతో పోతుందనే ద్రావణం. డ్రెయిన్‌లో నీళ్లు నల్లబడి చేపలు తేలిపోవడం. షుగర్‌ని శాశ్వతంగా మాయం చేస్తుందనే లేహ్యం. వీటి మీద రాసేవాళ్లలో ఎక్కువమంది మండల కంట్రిబ్యూటర్లు, సొంత యూట్యూబ్ చానల్ నడిపేవాళ్లు, ఊళ్లో సైన్స్ మాస్టార్లు. వాళ్ల వెనక లీగల్ డిపార్ట్‌మెంట్ ఉండదు. కంపెనీ లాయర్ నుంచి రిజిస్టర్డ్ పోస్టు రాగానే వార్త తీసేస్తారు. చాలాసార్లు నోటీసు కూడా రానక్కర్లేదు, వస్తుందేమో అన్న టెన్షన్ చాలు.

ఆ టెన్షన్‌కి సగం కారణం చట్టం. మిగతా సగం మనం రాసే వాక్యాలే. ఆధారం ఎంత ఉందో వాక్యం అంతే చెప్పాలి. అంతకు మించి చెబితే కేసులో దొరుకుతాం, భయపడి తగ్గించి చెబితే రైతుకు పనికిరాని వార్త అవుతుంది. రెండూ కాకుండా రాయడానికి ఏం చేయాలో వరసగా చూద్దాం. ఇది లాయర్ సలహాకు బదులు కాదు. నోటీసు చేతికొచ్చాక లాయర్ దగ్గరికి వెళ్లాల్సిందే. అక్కడికి ఖాళీ చేతులతో వెళ్లకుండా ఉండటానికి ఇది.

ముందు చట్టంలో మీ చోటు తెలుసుకోండి

పరువు నష్టం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి క్రిమినల్. పాత శిక్షాస్మృతిలో 499, 500 సెక్షన్లుగా ఉన్నది 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ అయింది. రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. క్రిమినల్ పరువు నష్టం రాజ్యాంగానికి విరుద్ధం కాదని సుప్రీంకోర్టు 2016లో సుబ్రమణ్యన్ స్వామి కేసులో చెప్పేసింది, కాబట్టి అది ఎత్తేస్తారని ఎదురుచూడకండి. అయితే ఇది పోలీసులు నేరుగా పట్టుకుపోయే నేరం కాదు. పరువు పోయిందనుకున్నవాళ్లు మేజిస్ట్రేట్ దగ్గర ఫిర్యాదు చేసుకోవాలి. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త నాగరిక సురక్షా సంహిత ప్రకారం మేజిస్ట్రేట్ ఆ ఫిర్యాదును విచారణకు స్వీకరించే ముందే మీ మాట వినాలి. స్టేషన్ నుంచి ఎవరో ఫోన్ చేసి "నీ మీద పరువు నష్టం కేసుంది, రా" అంటే, ఏ కోర్టు, ఏ నంబరు అని అడగండి.

రెండోది సివిల్. నష్టపరిహారం అడుగుతారు, దాంతోపాటు వార్త తీసేయమని, ఇక రాయొద్దని తాత్కాలిక ఉత్తర్వు అడుగుతారు. అడిగే పరిహారం ఎన్ని కోట్లయినా ఉండొచ్చు, దాన్ని చూసి గుండె జారిపోనక్కర్లేదు. అసలు దెబ్బ ఆ తాత్కాలిక ఉత్తర్వుదే. తీర్పు వచ్చేలోపు ఏళ్లు గడుస్తాయి, అన్నాళ్లూ వార్త కనిపించదు.

మీ వైపు ఉన్నవి కూడా చట్టంలోనే ఉన్నాయి. 356వ సెక్షన్‌కు పది మినహాయింపులున్నాయి. నిజం, అదీ ప్రజాహితం కోసం చెప్పిన నిజం మొదటిది. ఇక్కడ ఒక మెలిక ఉంది. సివిల్ దావాలో నిజమని నిరూపిస్తే చాలు, క్రిమినల్‌లో నిజంతోపాటు ప్రజాహితం కూడా చూపాలి. కోర్టులో జరిగింది ఉన్నదున్నట్టు రాయడం, ప్రజల మేలు కోసం మంచి నమ్మకంతో చెప్పడం, హెచ్చరించడం కూడా మినహాయింపులే. మంచి నమ్మకం అంటే మనసులో దురుద్దేశం లేకపోవడం అనుకుంటారు చాలామంది. చట్టం అడిగేది అది కాదు, తగిన శ్రద్ధ, జాగ్రత్త తీసుకున్నావా అని. అంటే మీ మనసు ఎంత స్వచ్ఛమైనదో చూపక్కర్లేదు, మీ ఫైలు చూపించాలి.

సైన్స్ రాసేవాళ్లకు బాగా పనికొచ్చేది ఆరో మినహాయింపు. ఎవరైనా తన పనిని జనం ముందు పెడితే, ఆ పని మీద అభిప్రాయం చెప్పొచ్చు. చట్టంలో ఉదాహరణ కూడా ఇచ్చారు. "ఫలానావాడి పుస్తకం తెలివితక్కువగా ఉంది, వాడు బలహీనుడై ఉండాలి" అంటే మినహాయింపు ఉంది. "పుస్తకం అలా ఉండటంలో ఆశ్చర్యమేముంది, వాడు బలహీనుడు, తిరుగుబోతు కదా" అంటే లేదు. మొదటి అభిప్రాయం పుస్తకం చదివి వచ్చింది, రెండోది మనిషి మీద ముందే ఉంది. ప్రచురించిన పరిశోధన పత్రానికీ ఇదే లెక్క వేసుకోండి.

ఒక్క మాటకు రెండేళ్లు: ఈ కేసు తెలుసుకుని రాయండి

2008 ఏప్రిల్‌లో సైమన్ సింగ్ అనే సైన్స్ రచయిత బ్రిటన్‌లో గార్డియన్ పత్రికకు ఒక వ్యాసం రాశారు. వెన్నెముకను సర్దే కైరోప్రాక్టిక్ వైద్యులు పసిపిల్లల కడుపునొప్పి, చెవిలో ఇన్ఫెక్షన్లు, ఉబ్బసం కూడా తగ్గిస్తామనడాన్ని విమర్శించారు. దానికి ఆధారం ఇసుమంత కూడా లేదన్నారు. అక్కడితో ఆగకుండా, ఆ వైద్యుల సంఘం బూటకపు చికిత్సలను హాయిగా ప్రోత్సహిస్తోందని కూడా రాశారు. బ్రిటిష్ కైరోప్రాక్టిక్ అసోసియేషన్ పత్రికను వదిలేసి, రచయిత ఒక్కరి మీదే దావా వేసింది.

2009 మేలో జడ్జి ఆ వాక్యానికి అర్థం తేల్చారు: పనిచేయవని తెలిసీ ప్రోత్సహిస్తున్నారని, అంటే నిజాయతీ లేదని, పైగా అది అభిప్రాయం కాదు, రుజువు చేయాల్సిన ఆరోపణ అని. సంఘం మనసులో ఏముందో సైమన్ సింగ్ రుజువు చేయాలన్నమాట! ఆయన అప్పీలుకు వెళ్లారు. 2010 ఏప్రిల్ 1న అప్పీలు కోర్టు, అది అభిప్రాయమే అని ఆ నిర్ణయాన్ని తిప్పేసింది. సైన్స్ వివాదాల్లో ఏది నిజమో తేల్చే మంత్రిత్వ శాఖలా కోర్టు మారకూడదన్న హెచ్చరిక కూడా ఆ తీర్పులో ఉంది. రెండు వారాల్లో సంఘం దావా వెనక్కి తీసుకుంది.

గమనించాల్సింది ఏమిటంటే, ఆ రెండేళ్లలో కైరోప్రాక్టిక్ పసిపిల్లల మీద పనిచేస్తుందా లేదా అన్నది కోర్టులో చర్చకే రాలేదు. ఒక్క మాటకు అర్థం ఏమిటన్న దగ్గరే కాలం, డబ్బు ఖర్చయ్యాయి.

బ్రిటన్‌లో అప్పట్లో ఇది ఒక్కటే కాదు. పీటర్ విల్మ్స్‌హర్స్ట్ అనే గుండె డాక్టర్, తాను కూడా పాల్గొన్న ఒక వైద్య పరికరం ప్రయోగంలో లోపాలున్నాయని ఒక సదస్సులో అన్నందుకు అమెరికా కంపెనీ ఆయన మీద లండన్‌లో దావా వేసింది. 2011లో ఆ కంపెనీ మూతపడేదాకా ఆయనకు విముక్తి లేదు. విటమిన్లతో ఎయిడ్స్ తగ్గుతుందని దక్షిణాఫ్రికాలో ప్రచారం చేసిన మథియాస్ రాత్, డాక్టర్ బెన్ గోల్డేకర్ మీద, గార్డియన్ మీద దావా వేసి, 2008లో వెనక్కి తగ్గాడు. ఈ కేసుల మీద వచ్చిన గొడవే చివరికి 2013 డిఫమేషన్ చట్టానికి ఊతమిచ్చింది. ఆ చట్టం ప్రకారం, తీవ్రమైన నష్టం జరిగిందని చూపలేకపోతే దావా నిలవదు. తోటి శాస్త్రవేత్తల పరిశీలన దాటి సైన్స్ పత్రికలో వచ్చిన మాటకు, దురుద్దేశం లేకపోతే, ప్రత్యేక రక్షణ ఉంది. మన చట్టంలో అలాంటి ప్రత్యేక సెక్షన్ లేదు. నోరు నొక్కడానికే వేసే దావాలను మొదట్లోనే కొట్టేసే చట్టం కూడా మనకు లేదు. కాబట్టి రక్షణ ఏదైనా ఉందంటే అది మనం రాసే తీరులోనే ఉండాలి.

వాక్యాన్ని విడదీయండి: వస్తువు, మనిషి, ఉద్దేశం

ఒక కంపెనీ చెరువు మందు అమ్ముతోందనుకుందాం. తెల్ల మచ్చ నయమవుతుందని డబ్బా మీద ఉంది. రైతులు వాడారు, చెరువు పోయింది. మీ మొదటి డ్రాఫ్ట్ ఇలా వస్తుంది: "నకిలీ మందుతో రైతులను నిలువునా ముంచిన కంపెనీ." ఇందులో మూడు ఆరోపణలున్నాయి. మందు నకిలీ. రైతుల నష్టానికి మందే కారణం. కంపెనీ తెలిసే చేసింది. మూడింటికీ మీ దగ్గర ఆధారం ఉందా?

నకిలీ అంటే ఇంకొకరి లేబుల్ అంటించడం, లేదా చెప్పిన సరుకు లోపల లేకపోవడం. అది ల్యాబ్‌లోనో, అధికారుల తనిఖీలోనో తేలాలి. పనిచేయకపోవడం వేరు, నాసిరకం వేరు, అనుమతి లేకపోవడం వేరు. ఇక ఉద్దేశం సంగతి. కంపెనీ లోపలి ఈమెయిలో, ఉద్యోగి వాంగ్మూలమో దొరికితే తప్ప దాని జోలికి వెళ్లకండి.

అదే వార్తను ఇలా రాసి చూడండి. "తెల్ల మచ్చ వైరస్ సోకిన రొయ్యను నయం చేసే మందు లేదు, వ్యాధి రాకుండా జాగ్రత్తపడటమే మార్గమని మత్స్య శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఈ డబ్బా మీద మాత్రం నయం చేస్తుందని ఉంది. ఏ పరీక్షల ఆధారంగా అలా రాశారో చెప్పమని ఫలానా తేదీన కంపెనీకి రాశాం. ఈ వార్త రాసే సమయానికి జవాబు రాలేదు." తిట్టు ఒక్కటి కూడా లేదు, కానీ చదివిన రైతు ఆ డబ్బా కొనడు. ప్రతి వాక్యానికీ మీ దగ్గర కాగితం ఉంటుంది. నా మటుకు నాకు రెండో వార్తే ఎక్కువ గట్టిగా తగులుతుంది, చట్టం సంగతి పక్కన పెట్టినా సరే.

రైతు చెప్పిన మాటను కూడా ఇలాగే విడదీయాలి. "నా చెరువు పోయింది, ఈ మందు వాడాను" అన్నవి ఆయన కళ్లారా చూసినవి. "మందు వల్లే పోయింది" అన్నది ఆయన ఊహ. చెరువు పోవడానికి సీడ్‌లోనే, అంటే వేసిన రొయ్య పిల్లల్లోనే వైరస్ ఉండొచ్చు, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి ఉండొచ్చు, పెద్ద వానకు ఉప్పదనం ఒక్కసారిగా మారి ఉండొచ్చు. సీడ్ వేసే ముందు పీసీఆర్ పరీక్ష చేయించారా, అదే నీళ్లు వాడిన పక్క చెరువు ఏమైంది, అందులో కూడా ఇదే మందు వేశారా అని అడగండి. పోల్చడానికి ఇంకో చెరువు లేకపోతే, ఆ ఒక్క చెరువు కథ ఏదీ రుజువు చేయదు.

"అట" అని తోక తగిలిస్తే బయటపడతామని మనవాళ్లకో నమ్మకం. "కల్తీ చేస్తున్నారట", "అని ఆరోపణలు వినిపిస్తున్నాయి", హెడ్డింగ్ చివర ఒక ప్రశ్నార్థకం. ఇవేవీ కాపాడవు. వేరేవాళ్ల ఆరోపణను మీరు మళ్లీ అచ్చువేస్తే అది మీ ప్రచురణే. పేరు రాయకపోయినా అంతే. "ఉండి ఊరి రోడ్డులో ఉన్న ఓ ప్రముఖ ఫీడ్ కంపెనీ" అంటే, ఆ రోడ్డులో ఒక్కటే ఉంటే, పేరు రాసినట్టే. అదే, ఫలానా అని ఎవరినీ చూపకుండా మొత్తం పరిశ్రమ గురించి, రసాయనాల గురించి రాస్తే సంగతి వేరు. పురుగుమందుల ప్రమాదాల మీద రాజస్థాన్ పత్రిక రాసిన కథనాలపై పురుగుమందుల కంపెనీల సమాఖ్య దావా వేస్తే, ఢిల్లీ హైకోర్టు 2009లో దాన్ని మొదట్లోనే తిరస్కరించింది. ఫలానావాళ్ల పరువు అని చూపలేనంత పెద్ద గుంపు తరఫున పరువు నష్టం అడగడం కుదరదు.

ఆధారం సమకూర్చుకోండి

కోనసీమవాళ్లకు దగ్గరైన ఉదాహరణ, కొబ్బరి నూనె. పారాచ్యూట్ నూనె స్వచ్ఛత మీద ఒక యూట్యూబర్ వీడియో చేశాడు. ఇంట్లో చేసిన పోలికలు, వాటి మీద గట్టి ప్రకటనలు. 2020 జనవరిలో బాంబే హైకోర్టు సింగిల్ జడ్జి ఆ వీడియో తీసేయమన్నారు. తర్వాత డివిజన్ బెంచ్ ఆ ఆదేశాన్ని సడలించి, కొన్ని మాటలు మార్చి పెట్టుకోనిచ్చింది. దీని పక్కన ఇంకోటి పెట్టి చూడండి. ప్రోటీన్ పొడి డబ్బాలను ల్యాబ్‌లో పరీక్ష చేయించి, లేబుల్ మీద ఉన్నదానికీ లోపల ఉన్నదానికీ తేడా ఉందని వీడియోలు చేసినవాళ్ల మీద ఒక కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2025 ఏప్రిల్‌లో కోర్టు వీడియోలు ఆపడానికి ఒప్పుకోలేదు. వీళ్ల చేతిలో ల్యాబ్ రిపోర్టు ఉంది, తేడా అదే.

అయితే ల్యాబ్ రిపోర్టు అంటే ఆఖరి మాట అనుకోవద్దు. మన దగ్గర ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే.

డ్రెయిన్ నీళ్లు బాటిల్లో పట్టి ల్యాబ్‌కి ఇచ్చారు. రిపోర్టు కింద చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది: ఈ ఫలితాలు మాకు అందిన నమూనాకు మాత్రమే వర్తిస్తాయి. అంటే ఆ నీళ్లు ఫలానా ఫ్యాక్టరీ గొట్టం దగ్గరివని ల్యాబ్ చెప్పడం లేదు. ఆ సంగతి మీరు రుజువు చేయాలి. కాబట్టి నమూనా తీసేటప్పుడు ఆగకుండా వీడియో తీయండి, చుట్టుపక్కల గుర్తులు కనపడాలి, తేదీ, సమయం, లొకేషన్ నమోదవ్వాలి. ఊళ్లో ఇద్దరిని సాక్షులుగా పెట్టి, బాటిల్ మూత మీద కాగితం అంటించి సంతకాలు పెట్టించండి. గొట్టానికి ఎగువన ఒక నమూనా, దిగువన ఒకటి. ఎగువ నమూనా లేకపోతే "మా కంటే పైనుంచే వచ్చింది" అన్న ఒక్క మాటతో మీ వార్త కొట్టుకుపోతుంది. ప్రతిదీ రెండేసి బాటిళ్లు పట్టి, ఒకటి సీలుతో దాచండి. ఏ పరీక్షకు ఎలాంటి బాటిల్, ఐస్‌లో పెట్టాలా, ఎన్ని గంటల్లో చేర్చాలి అన్నవి ముందే ల్యాబ్‌వాళ్లను అడగండి. ఎండలో బైకు డిక్కీలో తిరిగిన బాటిల్‌తో సేంద్రియ కాలుష్యం పరీక్ష చేయిస్తే వచ్చే అంకెకు విలువ ఉండదు. ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబే చూసుకోండి, అదీ మీరు అడిగే పరీక్షకు గుర్తింపు ఉందా అని.

రిపోర్టు వచ్చాక ఏ ప్రమాణంతో పోల్చాలో సరిచూసుకోండి. ఐఎస్ 10500 తాగునీటి ప్రమాణం. దాని ప్రకారం సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు మించకూడదు, నైట్రేట్ 45 దాటకూడదు. డ్రెయిన్ నీళ్లను దాంతో పోల్చి "ప్రమాదకర స్థాయికి ఎన్నో రెట్లు" అని రాస్తే, ఆ నీళ్లు ఎవరూ తాగరని కంపెనీ లాయర్ ఒక్క వాక్యంలో తేల్చేస్తాడు. వ్యర్థ జలాలకు ప్రమాణాలు వేరే ఉన్నాయి. ఇంకో సంగతి, "కనిపించలేదు" అని ఉంటే లేదని కాదు. ఆ యంత్రం ఎంత తక్కువ వరకు పట్టగలదో చూడండి. 0.05 వరకే పట్టగలిగితే, 0.01 హద్దు దాటిందో లేదో అది చెప్పలేదు. తాగునీటి గురించి "సురక్షితం" అని రాసే ముందు కూడా ఇది చూడాలి.

కారణం తేలకముందే కారకుణ్ణి తేల్చేయడం ఇంకో తప్పు. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛ వచ్చి పడిపోయారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ నుంచి వార్త వచ్చింది. ఆ తర్వాత అనుమానం పురుగుమందుల అవశేషాల వైపు మళ్లింది. మొదటి రోజుల్లో ఎవరైనా సీసం అన్న మాట పట్టుకుని ఒక బ్యాటరీ దుకాణం వైపో, ఒక కార్ఖానా వైపో వేలు చూపించి ఉంటే? రక్తంలో సీసం కనిపించడం ఒక వార్త. అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఇంకో వార్త, దానికి ఇంకో ఆధారం కావాలి. కోనసీమలో గ్యాస్ తీయడం వల్ల నేల కుంగుతోందా అన్న చర్చా ఇలాంటిదే. డెల్టా నేల సహజంగానే అణుగుతుంది, పైన ఆనకట్టలు కట్టాక ఒండ్రు రావడం తగ్గింది, సముద్ర మట్టం పెరుగుతోంది. ఇన్ని ఉండగా ఒక్క కంపెనీ పేరే రాస్తే సైన్సూ తప్పుతుంది, కేసులోనూ దొరుకుతాం.

ప్రభుత్వ కాగితాలు మీకు మంచి అండ. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతుల్లో షరతులు, తనిఖీ నివేదికలు, ల్యాబ్ ఫలితాలు సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. అధికారుల పని మీద రాయడానికి మరీ జంకక్కర్లేదు. 1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం, స్థానిక సంస్థలు పరువు నష్టం పరిహారం అడగలేవంది. అధికారులు కూడా విధి నిర్వహణపై వచ్చిన వార్తకు, నిజమో కాదో పట్టించుకోకుండా రాశారని చూపితే తప్ప అడగలేరు.

శాస్త్రవేత్తతో ఎలా మాట్లాడాలి

మార్టేరు వరి పరిశోధన స్థానంలో, అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో, ఉండి మత్స్య పరిశోధన స్థానంలో మీకు కావాల్సినవాళ్లున్నారు. కానీ "ఫలానా కంపెనీ మందు మీద మీ అభిప్రాయం?" అని అడిగితే ఫోన్ పెట్టేస్తారు. తప్పు పట్టలేం. సర్వీసు నిబంధనలున్నాయి, పైగా కంపెనీ లాయర్లు ఎవరిని పట్టుకుంటారో వాళ్లకూ తెలుసు. చర్చ ఆగిపోయేది కోర్టులో కాదు, ఆ ఫోన్ పెట్టేసిన దగ్గరే.

ప్రశ్న మార్చండి. "సార్, తెల్ల మచ్చకు ఏదైనా మందు పనిచేస్తుందని చెప్పాలంటే ఎలాంటి పరీక్ష చేయాలి? ఎన్ని చెరువులు, ఏం కొలవాలి?" దీనికి జవాబు చెప్పడానికి ఎవరూ భయపడరు. కంపెనీ దగ్గర అలాంటి పరీక్ష ఉందో లేదో చూసే పని మీది. ఆ సంస్థలు ముందే విడుదల చేసిన సలహా పత్రాలు, చెన్నైలోని ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ ప్రచురణలు వాడుకోండి. అచ్చులో ఉన్న మాట ఎవరినీ ఇరుకున పెట్టదు. ఆయన అన్న మాటలు మాత్రం ప్రచురణకు ముందు ఆయనకు చదివి వినిపించండి. వార్త మొత్తం పంపకండి, ఆయన మాటలు చాలు. ఇద్దరు శాస్త్రవేత్తలు ఒప్పుకోకపోతే, ఎక్కడ ఒప్పుకోవడం లేదో అదే రాయండి.

అవతలివాళ్ల మాట తీసుకోండి

ఫోన్ చేసి "స్పందించడానికి నిరాకరించారు" అని రాస్తే సరిపోదు. ప్రశ్నలు రాతలో, ఈమెయిల్‌లోనో రిజిస్టర్డ్ పోస్టులోనో పంపండి, జవాబుకు తగిన గడువు ఇవ్వండి. నిన్న రాత్రి పది గంటలకు వాట్సాప్ చేసి ఈరోజు పొద్దున్నే వేసేస్తే శ్రద్ధ తీసుకున్నట్టు కాదు. మీరు ఏం రాయబోతున్నారో ఆ ఆరోపణ స్పష్టంగా ఉండాలి, "మీ ఉత్పత్తి గురించి వివరాలు కావాలి" అన్నట్టు కాదు. జవాబు వస్తే దాని సారం వార్త మధ్యలోనే పెట్టండి, చివరి లైనుకు తోసేయకండి. ఒక్కోసారి ఆ జవాబుతో మీ వార్తే మారిపోతుంది, మారనివ్వండి.

హెడ్డింగ్ మీద కన్నేయండి

మీరు జాగ్రత్తగా రాసి పంపుతారు, డెస్క్‌లో "విషం చిమ్ముతున్న ఫ్యాక్టరీ" అని హెడ్డింగ్ పడుతుంది. యూట్యూబ్‌లో అయితే థంబ్‌నెయిల్ మీద ఎర్ర బాణం, "దొంగలు" అన్న అక్షరాలు. అది మీరే పెట్టుకుంటారు, కాబట్టి డెస్క్ మీద నెట్టడానికీ కుదరదు. వార్తతోపాటు మీరే రెండు హెడ్డింగులు రాసి పంపండి. ఎగతాళి పూర్తిగా మానాలని కాదు. టాటాలు భాగస్వాములుగా ఉన్న ఒడిశాలోని ధామ్రా పోర్టు వల్ల ఆలివ్ రిడ్లే తాబేళ్లకు ముప్పని పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ ఒక కంప్యూటర్ ఆట తయారుచేసి అందులో టాటాలను ఆటపట్టిస్తే, టాటా సన్స్ 10 కోట్ల పరిహారం అడుగుతూ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2011 జనవరిలో కోర్టు ఆటను ఆపడానికి ఒప్పుకోలేదు. మన కోరింగ తీరానికి వచ్చే తాబేళ్లూ ఆ జాతివే. ప్రజలకు సంబంధించిన విషయం మీద ఎగతాళికి చోటుంది. చేయని నేరం అంటగట్టడానికి లేదు.

నోటీసు వచ్చాక

లాయర్ నోటీసు కోర్టు సమన్లు కాదు. ఆ లాయర్ తన క్లయింట్ తరఫున రాసిన ఉత్తరం. వచ్చిన తేదీ రాసి, కవరు కూడా దాచండి. కంపెనీ డీలర్‌కి ఫోన్ చేసి వాదించకండి, వాట్సాప్ గ్రూపులో నోటీసు పెట్టి వీరంగం వేయకండి. ఆ మాటలే రేపు కోర్టులో మీ దురుద్దేశానికి సాక్ష్యమవుతాయి. ఏ వాక్యం మీద అభ్యంతరమో గీత గీసి, పక్కన మీ ఆధారం రాయండి. తప్పు దొరికితే ఆలస్యం చేయకుండా, వార్త వేసినంత స్పష్టంగా సవరణ వేయండి. ఒక్క వాక్యం తప్పయితే ఆ ఒక్కటే సవరించండి, మొత్తం వార్త తీసేసి క్షమాపణ పత్రం రాసివ్వకండి.

వాళ్లు తాత్కాలిక ఉత్తర్వుకు వెళ్లేలా ఉంటే, ఏ కోర్టుకు వెళ్తారో ఊహించి అక్కడ కేవియట్ వేయించండి. 90 రోజులు పనిచేస్తుంది, మీ మాట వినకుండా ఉత్తర్వు రాకుండా చూస్తుంది. దీని అవసరం ఏమిటో లివర్ డాక్టర్ సిరియాక్ ఆబీ ఫిలిప్స్ ఉదంతం చెబుతుంది. ఆయన పోస్టుల మీద హిమాలయ కంపెనీ వేసిన దావాలో 2023 సెప్టెంబరులో బెంగళూరు సివిల్ కోర్టు ఆయన వాదన వినకుండానే ఉత్తర్వు ఇచ్చింది, ఆయన ఎక్స్ ఖాతానే మన దేశంలో కనపడకుండా పోయింది. అక్టోబరులో కర్ణాటక హైకోర్టు, వివాదంలో ఉన్న పోస్టులు దాచాలన్న షరతుతో ఖాతాను తిరిగి తెరిపించింది. అలాంటి ఉత్తర్వు ఇప్పటికే వచ్చి ఉంటే, రద్దు చేయమని అదే కోర్టును అడగొచ్చు. 2024 మార్చిలో వార్తా సంస్థ బ్లూంబర్గ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీ లాయర్‌కి చూపించండి. విచారణకు ముందే వార్తను తీయించే ఉత్తర్వులు మామూలుగా ఇవ్వకూడదని, రాసిన మాట దురుద్దేశంతో కూడినదో, బొత్తిగా అబద్ధమో అని తేలితేనే ఇవ్వాలని అందులో ఉంది.

లాయర్ ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, మిగతావాళ్లలో ఎక్కువమందికి ఆదాయ పరిమితి ఉంటుంది. ఫోన్ 15100.

మీరు రాసేవారు కాక, విమర్శకు గురైన శాస్త్రవేత్తో, మందు తయారుచేసినవాళ్లో అయితే మీకూ ఒక మాట. మీ దగ్గర పరీక్ష ఫలితాలుంటే బయట పెట్టండి. లాయర్‌కిచ్చే ఫీజుతో ఇంకో పది చెరువుల్లో ప్రయోగం చేయించవచ్చు. నోటీసు పంపిన కంపెనీని చూసి రైతు అనుకునేది ఒక్కటే, "వీళ్ల దగ్గర కాగితం లేదన్నమాట" అని.

ఫైలు ఎన్నాళ్లు ఉంచాలి

సివిల్ దావాకు ప్రచురించిన నాటి నుంచి ఏడాది గడువు. క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు. కాబట్టి ల్యాబ్ రిపోర్టులు, ఎడిట్ చేయని వీడియో, రైతుల ఫోన్ రికార్డింగులు, పంపిన ప్రశ్నలు, డ్రాఫ్టులు అన్నీ కనీసం మూడేళ్లు దాచండి. ఫోన్ మార్చినప్పుడు వాట్సాప్ చాట్ పోకుండా చూసుకోండి, అందులోనే సగం ఆధారం ఉంటుంది. పాత వీడియోను కొత్త థంబ్‌నెయిల్‌తో మళ్లీ పెడితే అది కొత్త ప్రచురణ అని వాళ్లు వాదిస్తారు, గడువు మళ్లీ మొదలైందంటారు. మళ్లీ పెట్టే ముందు అందులోని ప్రతి వాక్యానికీ ఆధారం ఇంకా మీ దగ్గరే ఉందో లేదో చూసుకోండి.